చూస్తే ఏం గాదు: ఇంటి కంప్యూటర్‌లో నెట్ సెట్టింగుల గురించి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ పత్రిక జిల్లా పేజీలో సైబర్ మోసం వార్త లేని వారం ఉండటం లేదు. ఫలానా కాలనీలో రిటైర్డ్ ఉద్యోగి డబ్బు పోగొట్టుకున్నాడు, పోలీసులు కేసు నమోదు చేశారు, ప్రజలు అప్రమత్తంగా ఉండాలి. వార్త అక్కడితో అయిపోతుంది. అప్రమత్తంగా ఉండటమంటే ఏం చేయాలి? రాత్రి తలుపుకు గొళ్లెం పెట్టుకోండి అంటే ఎవరికైనా అర్థమవుతుంది. కంప్యూటర్‌కు ఆ గొళ్లెం ఎక్కడుంటుందో, అది వేసి ఉందో తీసి ఉందో ఎట్లా చూసుకోవాలో మాకు ఎవరూ చెప్పలేదు. దెబ్బ తిన్నాక తెలుసుకున్నాను కాబట్టి రాస్తున్నాను. ఉత్తరం కొంచెం పొడుగైంది, స్థలం చూసి వేయగలరు.

నేను 33 ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మా ఆయన రైల్వేలో లోకో పైలట్‌గా చేసి కాజీపేటలోనే రిటైరయ్యారు. ఫాతిమానగర్‌లో ఉంటాం. ఇంట్లో ఒక డెస్క్‌టాప్ కంప్యూటర్ ఉంది. కరెంటు బిల్లు, బ్యాంకు స్టేట్‌మెంటు, రైలు టికెట్లు ఆయన చూసుకుంటారు. పదో తరగతి పిల్లలకు ప్రశ్నపత్రాలు నేను తయారు చేసుకుంటాను. నెట్ ఎట్లా వస్తుందో మాకు అక్కర లేకుండా పోయింది. కేబుల్ అబ్బాయి వచ్చి నెట్ డబ్బా (రౌటర్) బిగించాడు, లైట్లు వెలిగాయి, నెట్ వచ్చింది, అంతే.

పోయిన సంక్రాంతికి ముందు ఒక సాయంత్రం. నేను వంటింట్లో తెల్లబట్ట పరిచి సకినాలు చుడుతున్నాను. హాల్లోంచి ఒక్కసారిగా పెద్దగా కూత. వెళ్లి చూస్తే తెరంతా ఎర్రగా ఉంది. మీ కంప్యూటర్‌కు వైరస్ సోకింది, లాక్ చేశాం, ఆఫ్ చేస్తే అంతా పోతుంది, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి అని ఇంగ్లీషులో ఉంది. మౌస్ కదిపినా పోదు, కూత ఆగదు. ఆయనకు చెమటలు పట్టాయి. ఆ టెన్షన్‌లో నంబరు కొట్టేశారు. నేను పిండి చేతులతో నిలబడి చూస్తున్నాను తప్ప వద్దు అనలేదు. నాకూ భయమే వేసింది.

అవతలివాడు మొదట ఇంగ్లీషు, తర్వాత హిందీ, చివరికి తెలుగు మాట్లాడే ఇంకొకరికి ఇచ్చాడు. వాడి మాట ఎంత మెత్తగా ఉందంటే, "సార్, మీరేం కంగారు పడకండి, మీ కొడుకు లాంటివాణ్ని" అన్నాడు. విండోస్ గుర్తున్న మీట, ఆర్ మీట కలిపి నొక్కమన్నాడు. చిన్న పెట్టె వచ్చింది. అందులో సీ, ఎం, డీ అని కొట్టించాడు. నల్ల కిటికీ తెరుచుకుంది. అందులో 'నెట్‌స్టాట్' అని కొట్టించాడు. వరుసలు వరుసలుగా అంకెలు దిగాయి. పైన ఒక గడికి 'ఫారిన్ అడ్రస్' అని పేరు. పక్కన 'ఎస్టాబ్లిష్డ్' అని ఉంది. "చూశారా సార్, ఫారిన్ అడ్రస్. విదేశాల నుంచి ఇంతమంది మీ కంప్యూటర్‌లోకి దూరి కూర్చున్నారు" అన్నాడు. 20 వరుసలు లెక్కపెట్టాను నేను.

తర్వాత ఇంకో పదం కొట్టించాడు. 'అసోక్' లాగా వినపడింది. బోలెడు వరుసలు గిర్రున తిరిగి, చివర్లో ఒక పొడవాటి సంఖ్య దగ్గర ఆగింది. 888డీసీఏ60 అని మొదలవుతుంది. "ఇది మీ కంప్యూటర్ లైసెన్సు నంబరు. మా రికార్డులో మీది ఏముందో చదువుతాను, సరిపోయిందో లేదో మీరే చెప్పండి" అని ఒక్కొక్క అక్షరం చదివాడు. అన్నీ సరిపోయాయి. మా ఆయన నమ్మింది అప్పుడే. నేనూ నమ్మాను. మా కంప్యూటర్ లోపలి నంబరు కంపెనీవాడికి తప్ప ఇంకెవరికి తెలుస్తుంది అనుకున్నాం.

ఆ తర్వాత అంతా వాడు చెప్పినట్టే. ఒక యాప్ దింపించాడు, అందులో వచ్చిన అంకెలు చెప్పించుకున్నాడు. మౌస్ బాణం దానంతట అదే కదలడం మొదలుపెట్టింది. ఆయన చేతులు ఒళ్లో ఉన్నాయి, తెర మీద బాణం మాత్రం పరుగెత్తుతోంది. ఏవో పెట్టెలు తెరుస్తున్నాడు, అంకెలు వేస్తున్నాడు, మూస్తున్నాడు. సర్వీసు చార్జి అని 4,999 రూపాయలు ఫోన్ నుంచి కట్టించుకున్నాడు. మళ్లీ "బ్యాంకు సైటు ఒకసారి తెరవండి సార్, ముసలివాళ్లకు రాయితీ ఉంది, వాపసు వేస్తాను" అన్నాడు. అప్పుడు నాకు వెలిగింది. డబ్బు వేయడానికి నా బ్యాంకు నేను తెరవడం ఎందుకు? గోడ దగ్గరికి వెళ్లి నెట్ డబ్బా ప్లగ్గు పీకేశాను. ఆ ప్లగ్గు మీద ఎండిన బియ్యప్పిండి మచ్చ ఇప్పటికీ ఉంది, నేను తుడవలేదు.

అదే రాత్రి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాం. ఫిర్యాదు నంబరు ఇచ్చారు. బ్యాంకుకు చెప్పి కార్డు ఆపించాం, నా ఫోన్‌లోంచి పాస్‌వర్డులు మార్చాం. 4,999 రూపాయలు తిరిగి రాలేదు. పోతే పోయాయి. కానీ మా ఆయన కంప్యూటర్ ముందు కూర్చోవడం మానేశారు. లక్ష కిలోమీటర్లు బండి నడిపిన మనిషి, మౌస్ ముట్టుకోవడానికి భయపడ్డారు. "నాకు తెలివి లేదు" అని ఒకసారి అన్నారు. ఆ మాటే నన్ను ఈ సెట్టింగుల వెంట పడేలా చేసింది.

మర్నాడు ప్లగ్గు పెడితే డబ్బా లైట్లు వెలిగాయి. నా ఫోన్‌లో నెట్ వస్తోంది. కంప్యూటర్‌లో మాత్రం ఏ పేజీ తెరుచుకోదు. రిపేరు షాపుకు తీసుకెళ్తే, మూత కూడా తీయకుండా "మొత్తం ఫార్మాట్ కొట్టాలె, 1,200 అయితది" అన్నారు. ఫొటోల సంగతేమిటి అంటే భుజాలు ఎగరేశారు. మా అమ్మాయి పెళ్లి ఫొటోలు, నా 11 ఏళ్ల ప్రశ్నపత్రాలు అన్నీ అందులోనే. ఆటోలో వెనక్కి తెచ్చుకున్నాం.

పక్కింటి అమ్మాయి కాకతీయ యూనివర్సిటీలో ఎంసీఏ చదువుతోంది. పండుగ సెలవులకు ఇంట్లోనే ఉంది. వచ్చి కూర్చుంది. నేను "ఏదీ ముట్టుకోకు బిడ్డా, ఇంకా పాడైతదేమో" అన్నాను. "టీచర్, ముందు చూద్దాం. చూస్తే ఏం గాదు. మారిస్తేనే మారుతది" అంది. సంపాదకుల గారూ, నేను పిల్లలకు ఇన్నేళ్లు చెప్పిన మాట అది. లెక్క ముందు చదువు, కలం తర్వాత పట్టు అని. నాకు నేను చెప్పుకోలేదు.

ముందుగా ఆ అమ్మాయి చేసిన పని, తన లాప్‌టాప్ తెచ్చి మా కంప్యూటర్ పక్కన పెట్టింది. రెండింటిలోనూ నల్ల కిటికీ తెరిచింది. రెండింటిలోనూ నెట్‌స్టాట్ కొట్టింది. తన దాంట్లో మాకంటే ఎక్కువ వరుసలు వచ్చాయి. "ఇందులో ఫారిన్ అంటే విదేశం కాదు టీచర్. అవతలి కొస అని. మీరు ఒక పేపరు సైటు తెరిచినా వస్తది, వాతావరణం చూసినా వస్తది" అంది. తర్వాత ఆ లైసెన్సు నంబరు. రెండు తెరల మీద రెండు పొడవాటి సంఖ్యలు. నేను వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం పోల్చాను. 888డీసీఏ60 దగ్గర మొదలుపెట్టి చివరిదాకా. ఒక్క అక్షరం తేడా లేదు. విండోస్ ఉన్న ప్రతి కంప్యూటర్‌లోనూ అదే సంఖ్య ఉంటుందట. ఫైలును జిప్ చేసి (కుదించి) పంపే ఒక చిన్న సౌకర్యానికి లోపల పెట్టుకున్న గుర్తు అది. వాడు మా నంబరు చదవలేదు, అందరి నంబరు చదివాడు.

మా ఆయన్ను పిలిచి చూపించాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా మళ్లీ పోల్చారు. ఏమీ అనలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని మా పక్కన కూర్చున్నారు.

ఇక నెట్ ఎందుకు రావడం లేదో చూడాలి. నల్ల కిటికీలో ఐ, పీ, సీ, ఓ, ఎన్, ఎఫ్, ఐ, జీ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, ఏటవాలు గీత పెట్టి ఆల్ అని కొట్టమంది (ipconfig /all). ఐపీకాన్ఫిగ్ అంటారు దాన్ని. అట్లా కొడితే అది చదివి చూపిస్తుందే కానీ దేన్నీ మార్చదు. మీ పాఠకులు ఎవరైనా సరే ధైర్యంగా చూడొచ్చు. ఇంత ఇంగ్లీషు కనపడగానే గుండె జారుతుంది కానీ, మనకు కావాల్సినవి నాలుగైదు వరుసలే.

'ఐపీవీ4 అడ్రస్' అనే వరుసలో మాకు 192.168.1.5 అని ఉంది. ఇది ఇంట్లో ఈ కంప్యూటర్‌కు డబ్బా ఇచ్చిన నంబరు. మీ ఇంట్లోనూ దాదాపు ఇట్లాగే ఉంటుంది. రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగినవాళ్లకు ఇది తేలిగ్గా తెలుస్తుంది: ప్రతి కాలనీలోనూ 5వ నంబరు క్వార్టరు ఉంటుంది, కాలనీ పేరు చెప్పకుండా 5 అంటే ఎవరిదో తేలదు. 192.168తో మొదలయ్యేవి, 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 దాకా ఉన్నవి ఇళ్లలో, ఆఫీసుల్లో లోపల వాడుకోవడానికే పక్కన పెట్టిన నంబర్లు. ఈ పద్ధతి 1996లో ఖరారైంది. ఈ రకం నంబర్లు మొత్తం 430 కోట్ల లోపే కాబట్టి, లోకంలో ఉన్న పరికరాలన్నింటికీ తలా ఒకటి పంచితే చాలవు. అందుకే ఎవరి ఇంట్లో వాళ్లు ఇవే మళ్లీ మళ్లీ వాడుకుంటారు. కనుక ఎవడైనా ఫోన్ చేసి "మీ ఐపీ 192.168.1.5, మాకు కనపడుతోంది" అంటే, "మీ ఇంటికి తలుపు ఉంది, మాకు తెలుసు" అన్నట్టే.

ఆ వరుసలో 169.254తో మొదలయ్యే నంబరు కనపడితే మాత్రం, కంప్యూటర్ నంబరు అడిగింది, డబ్బా జవాబివ్వలేదు అని అర్థం. వైరస్ కాదు, హ్యాకర్ కాదు. వైరు ఊడిందేమో, డబ్బా ఆగిందేమో చూసుకోవాలి.

'డిఫాల్ట్ గేట్‌వే' అంటే ఇంటి గేటు. మాకు 192.168.1.1. ఆ డబ్బా నంబరే అది. ఇంట్లోంచి బయటికి ఏది పోవాలన్నా దాని గుండా పోవాలి.

'డీఎన్‌ఎస్ సర్వర్స్' అనే వరుస దగ్గర ఆ అమ్మాయి ఆగింది. నేనూ ఇక్కడ ఆగుతాను, ఎందుకంటే అసలు సంగతి ఇక్కడే ఉంది. మనం బ్యాంకు పేరు కొడతాం. కంప్యూటర్‌కు పేర్లతో పని లేదు, నంబరు కావాలి. పేరు చెబితే నంబరు చెప్పేదే డీఎన్‌ఎస్. ఎవర్ని అడగాలో ఈ వరుసలో రాసి ఉంటుంది. చాలా ఇళ్లలో గేటు నంబరే ఇక్కడా ఉంటుంది. కొందరు కావాలని 8.8.8.8 పెట్టుకుంటారు, అది గూగుల్ 2009లో మొదలుపెట్టింది. 1.1.1.1 క్లౌడ్‌ఫ్లేర్ వాళ్లది, 2018 నుంచి ఉంది. ఇవి కనపడితే భయం అక్కర లేదు. మా దాంట్లో మాత్రం మేమెవరమూ వేయని రెండు నంబర్లు ఉన్నాయి. ఆ సాయంత్రం బాణం పరుగెత్తుతూ వేసినవి.

ఈ సంగతి మా ఆయనకు మాకంటే ముందు అర్థమైంది. "సికింద్రాబాద్ నుంచి వచ్చిన బండి కాజీపేటలో బల్లార్షా లైనుకూ పోవచ్చు, వరంగల్ మీదుగా విజయవాడ లైనుకూ పోవచ్చు. పట్టాలు మార్చే పాయింట్లు ఎటుంటే అటే పోతది. బండి మంచిదే, డ్రైవరు మంచోడే, ఎక్కినవాళ్లకు ఏమీ తెల్వది. పాయింటు మార్చినోడు ఒక్కడు చాలు" అన్నారు. పేరు సరిగ్గానే కొడతాం, పేజీ కూడా బ్యాంకుది లాగే ఉంటుంది, కానీ చేరింది ఇంకెవరి దగ్గరికో. అట్లాంటప్పుడు బ్రౌజరు చాలాసార్లు "ఈ కనెక్షన్ సురక్షితం కాదు" అని ఎర్ర హెచ్చరిక చూపిస్తుంది. మనం విసుగొచ్చి ముందుకు వెళ్లు అని నొక్కుతాం. నేనే ఎన్నిసార్లు నొక్కానో. బ్యాంకు పేజీ దగ్గర ఆ హెచ్చరిక వస్తే ఇక అక్కడే ఆగిపోవాలి.

ఇది మా ఇంటి ఊహ కాదు. డీఎన్‌ఎస్ ఛేంజర్ అనే వైరస్ 100కు పైగా దేశాల్లో 40 లక్షల కంప్యూటర్లలో చేసింది ఈ ఒక్క వరుస మార్చడమే. 2011 నవంబరులో ఎస్టోనియా దేశానికి చెందిన ఆరుగురిని పట్టుకున్నారు. వాళ్ల దొంగ సర్వర్లను ఒక్కసారిగా ఆపేస్తే లక్షల ఇళ్లలో నెట్ ఆగిపోతుందని, వాటి స్థానంలో మంచి సర్వర్లు పెట్టి 2012 జూలై 9 దాకా నడిపించాల్సి వచ్చింది. అన్ని నెలల్లో కూడా ఆ వరుస చూసుకోనివాళ్లు లక్షల్లో మిగిలారు.

మా నెట్ ఆగిపోవడానికి అసలు కారణం మాత్రం ఇంకో చోట దొరికింది. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్ లోపల 'ప్రాక్సీ' అని ఉంటుంది. ప్రాక్సీ అంటే మన తరఫున బయటికి వెళ్లి వచ్చే మధ్యవర్తి. కాలేజీల్లో, ఆఫీసుల్లో అవసరం కొద్దీ పెడతారు. మామూలు ఇంట్లో దాని పని లేదు. మాకు అది ఆన్‌లో ఉంది, 127.0.0.1 అని నంబరు. అంటే ఈ కంప్యూటరే. వాడు దింపించిన ఏదో ప్రోగ్రాం మధ్యలో కూర్చుని మా రాకపోకలన్నీ తన గుండా పోయేలా చేసుకుంది. ప్లగ్గు పీకి, కంప్యూటర్ ఆపి మళ్లీ వేసేసరికి ఆ ప్రోగ్రాం లేవలేదు. మధ్యవర్తి లేడు, దారి మూసుకుపోయింది. ప్రాక్సీ ఆఫ్ చేయగానే పేజీలు తెరుచుకున్నాయి. 1,200 రూపాయల పని ఒక్క మీటతో అయింది. కానీ ఆ అమ్మాయి అంతటితో లేవలేదు, అది నాకు నచ్చింది. డీఎన్‌ఎస్‌ను తిరిగి 'ఆటోమేటిక్'కు పెట్టింది. వాడు దింపించిన రెండు ప్రోగ్రాములు తీసేసింది. ఫొటోలు, ప్రశ్నపత్రాలు బయటి డిస్కులోకి ఎక్కించింది. విండోస్‌లోనే ఉన్న సెక్యూరిటీలో 'ఆఫ్‌లైన్ స్కాన్' పెట్టింది. బయటివాడు చేయి పెట్టిన కంప్యూటర్ మీద అనుమానం తీరకపోతే ఫార్మాట్ కొట్టడం కూడా సరైన పనే అని చెప్పింది. కాకపోతే ముందు మన సామాను బయట పెట్టుకోవాలి. షాపులో ఆ మాట ఒక్కటి చెప్పి ఉంటే నాకు కోపం వచ్చేది కాదు.

డబ్బా సంగతి కూడా చెప్పాలి. బ్రౌజరులో పేరు కొట్టే చోట గేటు నంబరు కొడితే డబ్బా పేజీ వస్తుంది. మాకు పాస్‌వర్డు అడిగింది. ఆ అమ్మాయి 'అడ్మిన్' అని పేరు, 'అడ్మిన్' అని పాస్‌వర్డు కొడితే తెరుచుకుంది. మా గల్లీలో అదే అబ్బాయి బిగించిన ఇంకో రెండిళ్లలో వాళ్ల అనుమతితో చూశాం, అక్కడా అంతే. వైఫై పాస్‌వర్డు వేరు, డబ్బా పాస్‌వర్డు వేరు అని చాలామందికి తెలియదు. వైఫై పాస్‌వర్డు ఇంట్లోకి రానిస్తుంది. డబ్బా పాస్‌వర్డు తెలిసినవాడు పాయింట్లే మార్చగలడు, అప్పుడు ఇంట్లో ఉన్న ఫోన్లు, టీవీ అన్నీ ఆ దారినే పోతాయి. ఆ పూటే మార్చేశాం. బయటి నుంచి డబ్బాను నడిపే 'రిమోట్ మేనేజ్‌మెంట్' ఆఫ్‌లోనే ఉందో లేదో కూడా చూశాం.

ఇక్కడ ఒక జాగ్రత్త. డబ్బా వెనక సూదిమొనంత రంధ్రం ఉంటుంది, పక్కన 'రీసెట్' అని రాసి ఉంటుంది. నెట్ రాకపోతే పిన్ను పెట్టి దాన్ని నొక్కేవాళ్లు ఉన్నారు, మా మరిది అదే చేశాడు. అది స్విచ్ ఆపి వేయడం లాంటిది కాదు. ఆపరేటర్ వేసిన యూజర్ నేమ్ సహా అన్నీ చెరిపేస్తుంది. ఆ అబ్బాయి మళ్లీ వచ్చేదాకా మూడు రోజులు వాళ్లింట్లో నెట్ లేదు. ఆపి, అర నిమిషం ఆగి వేస్తే సరిపోయేది.

ఇంకో సంగతి, ఇది కొత్తగా వస్తున్న మోసం. నేను పైన విండోస్ మీట, ఆర్ మీట అని రాశాను కదా. కొన్ని పేజీలు "మీరు రోబో కాదని నిరూపించుకోండి" అని చెప్పి, ఆ రెండు మీటలే నొక్కమంటాయి, తర్వాత కంట్రోల్, వీ నొక్కి ఎంటర్ కొట్టమంటాయి. అట్లా చేస్తే మనకు తెలియకుండా అది ముందే కాపీ చేసి ఉంచిన ఆజ్ఞ మన చేత్తోనే నడుస్తుంది. మనకు అర్థం తెలిసిన పదం మనం అక్షరం అక్షరం కొట్టుకుంటే భయం లేదు. ఏముందో చూడకుండా అతికించేది ఏదైనా వద్దు. ఎర్ర తెర వస్తే ఆల్ట్ మీట పట్టుకుని ఎఫ్4 నొక్కండి, పోకపోతే పవర్ స్విచ్ నొక్కి పట్టుకోండి. మైక్రోసాఫ్ట్ నిజంగా చూపించే హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఎప్పుడూ ఉండదు. నంబరు కనపడిందంటేనే అది దొంగది.

అన్నీ అయ్యాక మా ఆయన పాల లెక్క రాసే నోట్‌బుక్ తెచ్చారు. వెనక నుంచి కొత్త పేజీ తిప్పి, స్కేలు పెట్టి గీతలు కొట్టారు. "బండి చార్జి తీసుకోగానే ఇంజన్‌లో లాగ్‌బుక్ చూస్తం. బాగున్నప్పుడు ఎట్లుందో రాసుంటేనే పాడైంది తెలుస్తది. దీనికి లాగ్‌బుక్ లేకపాయె" అన్నారు. తారీఖు వేశారు. ఐపీ, గేట్‌వే, డీఎన్‌ఎస్, ప్రాక్సీ ఆఫ్, డబ్బా బ్రాండు, ఆపరేటర్ ఫోను, ఏ లైటు పచ్చగా వెలగాలి, ఏది మినుకుమినుకుమనాలి అన్నీ రాశారు. పాస్‌వర్డులు మాత్రం అందులో రాయలేదు, అవి బీరువాలో వేరే ఉన్నాయి. ఆ అమ్మాయి అవే పేజీలు ఫోన్‌లో ఫొటోలు కూడా తీసి పెట్టింది. ఇప్పుడు ప్రతి నెలా ఒకటో తారీఖున పెన్షన్ పడిందా అని చూసుకున్నాక ఆయన నల్ల కిటికీ తెరిచి, నాలుగు వరుసలు చదివి, నోట్‌బుక్‌తో పోల్చి, పక్కన సంతకం పెడతారు. ఐదు నిమిషాల పని. మొదటిసారి ఆయన ఒక్కరే కూర్చుని చేసిన రోజు నేను వంటింట్లోంచి తొంగి చూసి మాట్లాడకుండా వచ్చేశాను.

సంపాదకుల గారూ, మీతో నా మనవి ఇది. మోసం వార్త వేసినప్పుడు పక్కనే చిన్న పెట్టె కట్టి ఒక్క సెట్టింగు గురించి చెప్పండి. ఈ వారం ప్రాక్సీ, వచ్చే వారం డీఎన్‌ఎస్, ఆ పై వారం డబ్బా పాస్‌వర్డు. ఎక్కడ ఉంటుంది, బాగున్నప్పుడు ఎట్లా కనపడుతుంది, ఎప్పుడు ముట్టుకోకూడదు, అంత చాలు. తెర మీద ఇంగ్లీషు పదం ఎట్లా కనపడుతుందో బొమ్మ వేసి, దాని అర్థం తెలుగులో రాయండి. మా వయసు వాళ్లు పత్రిక కత్తిరించి దాచుకుంటారు. ఫోన్‌లో వచ్చిన వీడియో కంటే ఆ కాగితాన్నే నమ్ముతారు.

కేబుల్ ఆపరేటర్లకు కూడా మీ పత్రిక ద్వారా ఒక మాట. కనెక్షన్ ఇచ్చిన రోజు ఒక కాగితం ఇవ్వండి. అందులో మా గేటు నంబరు, డీఎన్‌ఎస్ ఏమని ఉండాలి, మీ అసలు ఫోన్ నంబరు రాసి ఇవ్వండి. డబ్బా పాస్‌వర్డు మా ముందే మార్పించండి. మీకు పది నిమిషాలు ఎక్కువ పడుతుంది. అందరి ఇళ్లకు ఒకే తాళంచెవి ఇచ్చి వెళ్లే తాళాలవాణ్ని మనం గల్లీలోకి రానిస్తామా?

హనుమకొండ, వరంగల్ గ్రంథాలయాల అధికారులు, పెద్దలు ఇది చూసి వేసవిలో ఒక గంట కేటాయిస్తే, మాలాంటి వాళ్లకు నేర్పడానికి నేను వస్తాను. లెక్కల టీచర్‌ను కాబట్టి సంఖ్యలు చూసి భయపడేవాళ్లకు ఎట్లా చెప్పాలో నాకు తెలుసు. పక్కింటి అమ్మాయి పరీక్షలు అయ్యాక తానూ వస్తానంది. రెండు లాప్‌టాపులు పక్కపక్కన పెట్టి ఆ 888 సంఖ్యను అందరి చేతా పోల్పించాలని ఉంది. మా ఆయన తన నోట్‌బుక్ తెస్తానన్నారు.

ఇట్లు,
ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయురాలు,
ఫాతిమానగర్, కాజీపేట, హనుమకొండ జిల్లా.